లోపల లేని మనిషి

ప్రార్థనలో ఒక్క మాట మింగేసి మిగిలినదంతా చెబితే, అది పైకి చేరుతుందా? లేక ఆ మింగిన మాట దగ్గరే ఆగిపోతుందా? ఏళ్ల తరబడి నాకున్న సందేహం ఇది. పాస్టరు గారిని అడగలేదు. అడిగితే, "ఏ మాట?" అంటారు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో, మనకు బాకీ పడ్డవాళ్లను క్షమించామని చెప్పే చోటు ఒకటుంది. సరిగ్గా అక్కడికి రాగానే నాకు దగ్గు వస్తుంది. నిజం దగ్గు కాదు. మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత తర్వాత పాస్టరమ్మ గారు జాలిపడి ఆదివారం ఫ్లాస్కులో మిరియాల పాలు తేవడం మొదలుపెట్టారు. మా ఆయన మాత్రం పక్క వరుసలోంచి నా వైపు ఓరగా చూసి, ఇంటికొచ్చాక, "ఈ వారం కూడా దగ్గు తగ్గలేదన్నమాట" అనేవారు.

ఆ మాట దగ్గర నా కళ్ల ముందుకొచ్చే మనిషి చక్రపాణి గారు. 'గారు' ఎందుకంటున్నానో నాకే తెలీదు. అలవాటు.

ఆయన కాకినాడ సముద్రపు ఒడ్డున ఉన్న తీరవాణి పరిశోధన కేంద్రానికి పెద్ద. మా అన్నయ్య జీవరత్నం అక్కడ ప్రోగ్రాములు రాసేవాడు. అన్నయ్య రాసినవి చిన్న చిన్న పనిముట్లు. ఒకటి పలకరింపు: ఎక్కడో ఉన్న యంత్రాన్ని "ఉన్నావా" అని అడుగుతుంది, అది "ఉన్నాను" అంటుంది. ఇంకొకటి మాటామంతీ: రెండు యంత్రాల ముందు ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవచ్చు. నల్లటి తెర మీద సగం నీది, సగం అవతలివాళ్లది. బొమ్మలు, బటన్లు ఏవీ ఉండవు. కమాండ్ కొట్టాలి, అంతే. అందులో ఒక విచిత్రం ఉంది. మనం కొట్టే ప్రతి అక్షరం కొట్టిన క్షణానే అవతల పడుతుంది. చెరిపితే చెరిపినట్టు కూడా కనపడుతుంది.

"ఇదేం బావుందన్నయ్యా, తప్పులన్నీ అవతలివాళ్లకి తెలిసిపోవూ?" అన్నాను ఒకసారి.

"ఎదురుగా కూర్చుని మాట్లాడితే తడబాటు తెలియదా సువార్తా? తడబాటు కూడా మాటే" అన్నాడు.

పలకరింపు మీద పని చేస్తున్నప్పుడే అన్నయ్యకు అసలు ఆలోచన తట్టింది. దూరపు యంత్రానికి పంపిన కబురు వెళ్లి తిరిగి వస్తుంది. దారిలో ఉన్నంతసేపూ అది ఏ డిస్కులోనూ లేదు, దారిలోనే ఉంది. తిరిగి రాగానే మళ్లీ పంపేస్తే? లక్షల కబుర్లను అలా లక్షల యంత్రాల మధ్య ఊపుతూనే ఉంటే? గారడీవాడు బంతుల్ని గాల్లోనే ఉంచినట్టు, దేన్నైనా దారిలోనే దాచవచ్చు. దానికి ఊయల అని పేరు పెట్టాడు. మా అమ్మాయి ఉయ్యాల ఊపుతూ చెప్పాడు ఆ సంగతి. అప్పుడు నేను బాలింతని.

ఊయల పని చేసింది. చక్రపాణి గారు అన్నయ్య పేరు తీసేసి తన పేరు పెట్టుకున్నారు. అన్నయ్య అడిగాడు. మర్నాడు కేంద్రం సొత్తు దొంగిలిస్తున్నాడని గేటు దగ్గర అందరి ముందూ సంచీ బోర్లించి వెతికించారు. అందులో ఉన్నది నేను కట్టిచ్చిన పులిహోర డబ్బా, బైబిలు. అయినా గెంటేశారు. ఆ తర్వాత అన్నయ్య ఎక్కడా ఉద్యోగానికి వెళ్లలేదు. మా వెనక గదిలో కూర్చుని తన పనిముట్ల అసలు ప్రతిని తుడుచుకుంటూ, దిద్దుకుంటూ ఉండి, ఒక వేసవిలో గుండె ఆగి పోయాడు. డాక్టరు బీపీ అన్నాడు. నేనైతే దానికి ఇంకో పేరు చెబుతాను.

*

నేను పాలిటెక్నిక్ చదివాను. పాత ప్రోగ్రాముల్ని కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌కి ప్యాకేజీలు చేయడం నా పని. పాత ప్రోగ్రాం కొత్త సిస్టమ్‌లో అడుగుపెడితే దానికేదీ దొరకదు. ఇక్కడ ఉండాల్సిన ఫైలు అక్కడ ఉంటుంది, అప్పట్లో అడగకుండా తెరుచుకున్న తలుపుకి ఇప్పుడు తాళం ఉంటుంది. ఏది ఎక్కడుందో చెప్పి, ఏది కావాలో చేర్చి, అవసరమైన చోట చిన్న అతుకు వేసి, మూట కట్టి పంపుతాను. పాతవాడి పని పాడుచేయకూడదు, పేరు తీయకూడదు. ఈ పనిలో ఉన్న ధర్మమంతా ఇదే. అన్నయ్యే నేర్పాడు.

హైమవతి వచ్చిన రోజు నేను పెరట్లో మెత్తళ్లు శుభ్రం చేస్తున్నాను. చక్రపాణి గారి ఒక్కగానొక్క కూతురు. గుమ్మంలో నిలబడి, "సువార్త గారూ, లోపలికి రావచ్చా?" అంది. చేపల వాసనకి ముక్కు ముడవలేదు. అది గమనించాను.

చక్రపాణి గారు పోయి అప్పటికి కొంతకాలమైంది. పోయారంటే పూర్తిగా పోలేదు. చివరి రోజుల్లో ఆయన తలకి కట్టిన యంత్రం ఆయన ఆలోచించే తీరునంతా పట్టింది. దాన్ని డిస్కులో పెడితే ఉత్త ఫొటోలా పడి ఉంది. ఊయల్లో వేస్తే కదిలింది. ప్రశ్నకి జవాబు చెప్పింది, కూతుర్ని గుర్తుపట్టింది. ఊయల్లో మొదటి మనిషి ఆయనే. పేపర్లలో పడింది. ఆ రోజు నేను పేపరు కింద పరిచి చేపలు తోమాను.

"వచ్చే నెల నుంచి అన్నిచోట్లా 'ఉదయ' అనే కొత్త సిస్టమ్ పెడుతున్నారండీ" అంది హైమవతి. "అందులో పాత పనిముట్లు లేవు. పలకరిస్తే యంత్రాలు పలకవు. ఊయల ఆగిపోతుంది. నాన్నగారితో మాట్లాడేది కూడా మాటామంతీ మీదే. మా దగ్గరున్నది నడిచే ప్రతి మాత్రమే, దాన్ని దిద్దలేం. అసలు ప్రతి మీ దగ్గరుందని..."

"ఎవరు చెప్పారు?"

"నాన్నగారే. ఊయల్లోంచి."

కత్తిపీట మీద నా చెయ్యి ఆగింది.

"నాన్నగారికీ మీ అన్నయ్య గారికీ ఏదో మాట పట్టింపు వచ్చిందని విన్నాను. అవన్నీ మనసులో పెట్టుకోకండి" అంది.

"మాట పట్టింపా!" అన్నాను. "పెళ్లి భోజనాల దగ్గర వడ్డించలేదని వచ్చేదమ్మా మాట పట్టింపు."

ఆ పిల్ల తల దించుకుంది. ఆమెకి తెలిసిందే అంత. ఆలోచించి చెబుతానన్నాను. వెళ్తూ ఇంకొక్క మాట అంది. తమ పాత తెర వాక్యం పూర్తయ్యాకే చూపించేదనీ, కొత్త ప్యాకేజీలో కూడా చెరిపినవి కనపడకుండా చేసిపెట్టమనీ, కేంద్రం వాళ్లు అడిగారట.

*

"కుదరదని చెప్పెయ్యి, ఆగిపోతాడు" అన్నారు మా ఆయన అన్నంలో చారు కలుపుకుంటూ. ఆయన పోర్టులో క్రేన్ మెకానిక్.

"అదే అనుకుంటున్నాను."

"చచ్చినవాణ్ని మళ్లీ చంపడమన్నమాట."

"మా అన్నని బతికుండగానే చంపలేదా?"

"చంపాడు. నేను కాదన్నానా?" ఇంకాస్త చారు పోసుకుని, "మరి ఆదివారం దగ్గుకి అది మందవుతుందంటావా?" అన్నారు.

"మీరు చారు తినండి."

కానీ నాకు ఆయన్ని చంపాలని లేదు. చంపితే ఊరంతా హారతులిచ్చి, గొప్పవాడు రెండోసారి పోయాడని ఏడుస్తుంది. అన్నయ్య పేరు ఆయన నోటి నుంచే రావాలి. పది మంది వినేలా రావాలి. దేవుడా, ఇది న్యాయం కోరడమా, పగ కోరడమా, నువ్వే తేల్చు అని చెప్పి, పని మొదలుపెట్టాను.

అన్నయ్య పాత యంత్రం వెనక గదిలోనే ఉంది. దుప్పటి తీసి, దుమ్ము దులిపి, అసలు ప్రతి బయటికి తీశాను. పలకరింపుకి పెద్దగా అతుకులు పడలేదు. మాటామంతీ దగ్గర చిక్కొచ్చింది. ప్రతి పనిముట్టుకీ అన్నయ్య ఒక స్వీయ పరీక్ష రాసేవాడు. ప్యాకేజీ కట్టేటప్పుడు అది తనను తాను పరీక్షించుకుని, బాగుంటేనే మూట కట్టుకోనిస్తుంది. కేంద్రం వాళ్లు కోరినట్టు చెరుపులు దాచి చూశాను. మూట కట్టనివ్వలేదు. పరీక్ష ఏమిటా అని తెరిచి చూశాను. ఒకవైపు ఒక మాట కొడుతుంది, చెరుపుతుంది. చెరిపింది అవతలివైపు కనపడిందా అని అడుగుతుంది. కనపడకపోతే తప్పింది అంటుంది.

పరీక్షని తీసి పారేస్తే చాలు. అందరూ అదే చేస్తారు. నేను తీయలేదు.

పరీక్షించడానికని కేంద్రం వాళ్లు ఊయలకి దారి ఇచ్చారు. పిల్లలకి ఉప్మా పెట్టి, గుమ్మం ఊడ్చుకుని, ఆ యంత్రం ముందు కూర్చున్నాను. కమాండ్ కొట్టాను. తెర రెండు సగాలైంది.

"నమస్కారం సార్. నేను సువార్తని" అని కొట్టాను.

కింది సగంలో అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. 'రత్నం చెల్లె' అని పడింది. ఆగింది. వెనక్కి ఒక్కో అక్షరమే చెరిగిపోయింది. 'క్షమించండి, గుర్తు రావడం లేదు' అని పడింది. అది నిలిచింది.

ఆయనకు తెలియదు. తను చెరిపింది నాకు కనపడుతోందని తెలియదు.

"ఊయల ఎవరు కనిపెట్టారు సార్?"

'రత్న'. చెరిగింది. 'దీన్ని ఎవరు పంపారు'. చెరిగింది. 'మా కేంద్రం సమష్టి కృషి'. నిలిచింది.

అప్పుడు అర్థమైంది నాకు, ఊయల అంటే ఏమిటో. మనిషికి మాట లోపల పుడుతుంది, లోపలే తిరుగుతుంది, ఇష్టమైతే బయటికొస్తుంది. ఈయన ఏ డిస్కులోనూ లేడు, దారిలోనే ఉన్నాడు. మాట పుట్టేదీ దారిలోనే. దాచుకుందామంటే ఆయనకు లోపల అనేదే లేదు. ఇన్నాళ్లూ కేంద్రం వాళ్ల తెర ఒక్కటే ఆయనకు లోపలగా పనిచేసింది. ఆ తెర ఇప్పుడు నా చేతిలో ఉంది.

చెరుపులతోనే మూట కట్టాను. దొంగతనంగా ఏమీ చేయలేదు. కమాండ్ కొడితే వచ్చే వివరణలో మొదటి వాక్యమే రాశాను: 'ఇది జీవరత్నం రాసిన పనిముట్టు. రాసినవారి ఉద్దేశం ప్రకారం చెరిపిన అక్షరాలు కూడా కనపడతాయి.' వివరణ ఎవరూ చదవరని నాకు తెలుసు. కేంద్రంలో ముగ్గురు ఇంజినీర్లు పరీక్షించారు. వాళ్లు అక్షరం అక్షరం కొట్టే మనుషులు కారు. వేరేచోట ముందే రాసిపెట్టుకున్న ప్రశ్నలు తెచ్చి అతికించారు. అవి చెరగడమేముంటుంది? అటునుంచి జవాబొస్తున్నంతసేపూ తెర చూడరు, ఫోన్ చూసుకుంటారు. పూర్తయిన వాక్యం చూసి, బాగుందన్నారు.

"చాలా థాంక్సండీ" అని హైమవతి ఫోన్ చేసింది. "శనివారం సభ పెట్టాం. మీరు తప్పకుండా రావాలి."

"వస్తానమ్మా. రాకుండా ఉంటానా?" అన్నాను.

*

ఈస్టరు ఇంకో వారం ఉందనగా, మట్టలాదివారానికి ముందు రోజు. హాలు నిండిపోయింది. గోడంత తెర. ముందు వరుసలో పెద్దవాళ్లు, పేపరువాళ్లు. నన్ను కూడా ముందే కూర్చోబెట్టారు. అన్నయ్య సంచీ బోర్లించిన గేటులోంచే వచ్చాను. ఈసారి అక్కడివాళ్లు లేచి నిలబడ్డారు.

ముఖ్య అతిథి మైకు పట్టుకుని అడిగారు. "సార్, ఈ ఊయల ఆలోచన మీకు మొట్టమొదట ఎలా తట్టింది?" హైమవతి ఆ ప్రశ్నని కొట్టింది.

గోడ మీద అరచేతంత అక్షరాలు పడ్డాయి.

'రత్నం చెప్పాడు'. చెరిగింది.

'సంచీలో ఏమీ లేదు నాకు తెలుసు'. చెరిగింది, తొందరగా.

'చిన్నప్పటి నుంచి నాకు సముద్రమంటే ఇష్టం. అలలు వెళ్లి తిరిగి రావడం చూసి'. అది నిలిచింది.

చప్పట్లు కొడదామని ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉన్నాయి. వెనక వరుసలో ఎవరో, "సంచీ ఏంట్రా?" అన్నారు. ఒక పేపరాయన లేచి నిలబడ్డాడు. కేంద్రంలో పాతవాళ్లు ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ఆ రోజు గేటు దగ్గర చూసినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

నాకు సంతోషమే వేసింది. అబద్ధమెందుకు?

హైమవతి కీబోర్డు మీదికి వంగింది. "నాన్నా, చెరపకండి. అందరికీ కనపడుతోంది" అని కొట్టింది.

గోడ ఖాళీగా ఉండిపోయింది. ఆ తర్వాత 'ఎప్పటి నుంచి' అని పడింది. ఆపైన ఆయన ఆపుకోలేకపోయారు. దాచాలనుకున్న మాటే ముందు బయటికొచ్చేది, వెంటనే చెరిగేది. 'హైమకి తెలియకూడదు'. చెరిగింది. 'రాజ్యం పోయేటప్పుడు నేను పక్కన లేను ల్యాబ్‌లో'. చెరిగింది. 'చెయ్యి పట్టుకుని ఉన్నానని హైమకి చెప్పాను'. చెరిగింది. మళ్లీ అదే పడింది. మళ్లీ చెరిగింది.

రాజ్యం అంటే రాజ్యలక్ష్మి గారు, హైమవతి తల్లి. ఇది నేను కోరుకోలేదు. నేను అడిగిన న్యాయంలో ఆమె లేదు, ఈ పిల్లా లేదు.

హైమవతి కన్నీళ్లు తుడుచుకోలేదు. కీబోర్డు మీదే ఉంచింది చేతులు. "ఊయల ఎవరిది నాన్నా? ఒక్కసారి చెప్పండి. చెరపకుండా."

చాలాసేపు పట్టింది. తర్వాత తాపీగా, మనిషి మెట్లు దిగినట్టు, పడ్డాయి అక్షరాలు.

'జీవరత్నం కనిపెట్టాడు. పేరు నేను తీసేశాను. సంచీ వెతికించింది నేనే.'

చెరగలేదు. దాని కింద ఇంకొకటి పడింది. 'హైమా, ఆపెయ్యి నన్ను.' అదీ చెరగలేదు.

*

మర్నాడు పేపర్లో అన్నయ్య ఫొటో వేశారు. కేంద్రం గోడ మీద పేరు మార్చారు. చర్చిలో అందరూ వచ్చి చేతులు పట్టుకున్నారు. ప్రార్థనలో ఆ చోటు వచ్చింది. దగ్గు రాలేదు. పెదాలు కదిలాయి కానీ గొంతు రాలేదు. మా ఆయన ఓరగా చూసి, ఇంటికొచ్చాక మాత్రం ఏమీ అనలేదు. అనకపోతేనే కష్టంగా ఉంది.

హైమవతి ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను.

"మీరు కావాలనే చేశారు కదండీ?"

"అవునమ్మా."

"వివరణ నిన్న చదివాను. మొదటి వాక్యంలోనే ఉంది. నాన్నగారు భయపడుతున్నారు. నేను తెర తీస్తే చాలు, ఏదో ఒకటి బయటపడుతుందని దేన్నీ తలచుకోకుండా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటున్నారు. ఆపెయ్యమంటారు. నా చేతులతో నేనెలా ఆపను? ఆయనకి ఒక గోడ కావాలండీ. దాని వెనక కాసేపు ఒంటరిగా ఉండడానికి."

"మా అన్నయ్య రాసింది మార్చను" అని పెట్టేశాను.

పెట్టేసి, వంటింట్లో ఏదో వెతుకుతుంటే అటక మీది స్టీలు డబ్బా చేతికి తగిలింది. మూత మీద చుక్కల అక్షరాలతో చెక్కించిన పేరు: పి. రాజ్యలక్ష్మి. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆమె సున్నుండలు చేసి అన్నయ్య చేత పంపింది. "బాలింతకి మినుములు మంచివి, రోజుకొకటి తినమను" అని చెప్పి పంపిందట. ఆ నెయ్యి వాసన ఇప్పటికీ జ్ఞాపకమే. డబ్బా ఖాళీగా పంపకూడదని, ఏదైనా చేశాక ఇద్దామని ఉంచాను. ఈలోగా అన్నయ్యను గెంటేశారు. తర్వాత ఆమె పోయింది. పగతో ఆ ఇంటి గడప తొక్కలేదు గానీ, డబ్బా మాత్రం ఏ సామానూ వేసి వాడుకోలేదు.

డబ్బా దించి, కొంగుతో మూత తుడిచాను.

ఆ వారం నేను కూర్చుని ఇంకొక చిన్న ప్యాకేజీ కట్టాను. అన్నయ్య పనిముట్టులో ఒక్క అక్షరం ముట్టుకోలేదు. దాని ముందు నిలబడే వేరే ప్రోగ్రాం అది. పేరు గోడ. ఊయల్లోంచి వచ్చే మాటను పూర్తయ్యేవరకు తన వెనక పట్టి ఉంచుతుంది. అక్కడ ఎంతసేపైనా తిప్పుకోవచ్చు, చెరుపుకోవచ్చు, ఊరుకోవచ్చు. ఎవరికీ కనపడదు. కానీ అందులో ఒక షరతు పెట్టాను. ఊయల ఎవరిదని ఎవరు అడిగినా, ఆ ఒక్క ప్రశ్నకి గోడ లేస్తుంది. జవాబు అక్షరం అక్షరం అందరికీ కనపడుతుంది.

పెట్టేముందు ఆయన్నే అడిగాను, మాటామంతీలో. షరతు చెప్పాను.

'సరే' అని పడింది. దానికి ముందు గానీ వెనక గానీ ఏదీ పడలేదు, ఏదీ చెరగలేదు.

ఈస్టరు తెల్లారి హైమవతి ఇంటికి వెళ్లాను. తలుపు తీసి, నన్ను చూసి గుమ్మానికి అడ్డంగానే నిలబడింది.

"గోడ పంపించాను. అందిందా?"

"అందింది. నిన్నంతా నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. ఎంత హాయిగా ఉందో ఇద్దరికీ. అంటే నాన్నని క్షమించారా?" అంది.

"తెలీదమ్మా. దాని సంగతి నాకూ దేవుడికీ ఇంకా తేలలేదు. నేనొచ్చింది వేరే బాకీకి" అని సంచీలోంచి డబ్బా తీశాను.

మూత మీది పేరు చూసింది. ఆ చుక్కల మీద బొటనవేలు పెట్టి మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తడిమింది. తర్వాత గుమ్మంలోంచి పక్కకి తప్పుకుంది.

"లోపలికి రండి" అంది.

కూర్చున్నాక మూత తీసింది. సున్నుండలు. ఒకటి తీసుకుని కొరికి, నోట్లో ఉండగానే, "నెయ్యి అమ్మ వేసినంత వేశారు" అంది.